ధనశ్రీ గదిలో

ధనశ్రీ పేరు మీద ఇచ్చే అవార్డు ఆ ఏడు శ్రీసత్యకు వచ్చింది. ధనశ్రీ ఫ్యాషన్ డిజైనింగ్ చదువుతూ, 2003లో బీచ్ రోడ్డులో స్కూటీ మీద నుంచి పడి చనిపోయింది. పోర్టులో ఇంజినీరుగా పనిచేసే ఆమె తండ్రి శ్రీరామ్మూర్తి ఆ అవార్డు పెట్టాడు. కొత్తగా డిజైన్లు చేసే అమ్మాయికి ఏడాదిపాటు గోపాలపట్నంలో తమ మేడమీది గది, కుట్టుమిషను, గుడ్డ ఇస్తాడు. కూర్మన్నపాలెంలోని ఇరుకు క్వార్టర్‌లో వంటింటి గట్టు పక్కనే కుట్టుకునే శ్రీసత్య ఎగిరి గంతేసింది.

ఆ గది ధనశ్రీదేనని వెళ్లాకే తెలిసింది.

మొదట్లో ధనశ్రీ తల్లి గంగాభవాని టీ పెట్టేసి దిగిపోయేది. తర్వాత మంచం మీద కూర్చుని చూస్తూ ఉండేది. ఒకరోజు, "ధనా, అన్నం తిన్నావా?" అంది. నోరు జారిందేమో అనుకుంది శ్రీసత్య. మర్నాడూ అదే పిలుపు. పలక్కపోతే దగ్గరికొచ్చి భుజం పట్టి కుదిపింది.

"పిలుత్తంటే పలకవేటే?"

ఆ కళ్లు చూసి శ్రీసత్య "ఆఁ" అనేసింది. ఇంట్లో చెబితే గది పోతుందని చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం గంగాభవాని, ధనశ్రీ చివరి కుట్లు వేయకుండా వదిలేసిన లంగాజాకెట్టు తెచ్చింది.

"మధ్యలో వదిలేశావు. ఏసుకుని సూపించు."

శ్రీసత్య జాలితో కాదనలేక వేసుకుంది. కొలతలు తీసి కుట్టినట్టు సరిపోయింది. గంగాభవాని ముఖం వెలిగిపోయింది. లేచి తలుపుకు తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది.

"ఇంకెక్కడికీ ఎల్లకు."

శ్రీసత్య చుట్టూ చూసింది. శ్రీరామ్మూర్తి సాయంత్రానికి గానీ రాడు. కిటికీకి ఊచలున్నాయి. అరుద్దామనుకునేలోపే గంగాభవాని మిషను మీది కత్తెర అందుకుంది.

"కదలకు. మెడ దగ్గర దారం ఏలాడతంది."

చల్లటి ఇనుము మెడకు తగిలింది. దారం తెగింది. కత్తెర మాత్రం అక్కడే ఉంది.

"ఆంటీ... నాను శ్రీసత్యని. మా అమ్మ పేరు నూకాలు. నాను ఇంటికెల్లకపోతే రోడ్డు మీదకొచ్చి నిలబడిపోతాది. ఏడుత్తాది ఆంటీ."

"ఏడుత్తాదా?" అంది గంగాభవాని, ఎవరో కొత్త మనిషిని అడిగినట్టు. కత్తెర కింద పెట్టింది. తాళం తీసింది.

"ఎల్లమ్మా. బేగి ఎల్లిపో."

చెప్పులు కూడా వేసుకోకుండా, ఆ లంగాజాకెట్టుతోనే శ్రీసత్య బస్సెక్కింది.

ఆదివారం శ్రీరామ్మూర్తి ఆటోలో మిషను వేసుకుని క్వార్టర్‌కు వచ్చాడు. తలెత్తలేకపోయాడు.

"మా ఆవిడని డాక్టరుకి సూపిత్తన్నానమ్మా. నీ పని ఆపకు. ఇక్కడే కుట్టుకో."

శ్రీసత్య లంగాజాకెట్టు ఉతికి, మడతపెట్టి ఇచ్చింది. కుట్టుపని మళ్లీ మొదలుపెట్టడానికి చాలా రోజులు పట్టింది. మొదలుపెట్టాక కూడా తల్లిని పక్కనుంచి లేవనిచ్చేది కాదు.

"పొయ్యి మీద కూర మాడతందే," అనేది నూకాలు.

"మాడనీ. నువ్విక్కడే కూకో."