ప్లాస్టిక్ గడ్డి మీద ప్రార్థన

పచ్చగా కనిపిస్తే చాలు ఈ మనిషికి, పెళ్లిచూపుల్లో తన మొహం చూశాడో, కట్టుకున్న ఆకుపచ్చ చీరే చూశాడో లీలకి ఇప్పటికీ అనుమానమే, హైదరాబాదు వెళ్లి నేషనల్ గేమ్స్ చూసొచ్చిన దగ్గర్నుంచి మిషన్ స్కూలు డ్రిల్లు మాస్టారు సాల్మన్‌రాజు గారి కంటికి నర్సీపట్నం మట్టి ఆనడం లేదు, గ్రౌండంతా ప్లాస్టిక్ గడ్డి పరిపించాలి, మన పిల్లలేం తక్కువ తిన్నారు లీలా, అంటాడు అన్నం కలుపుతూ, ఆ కలిపే అన్నంలో కూడా గోంగూరే ఉండాలి, ఇదిగో ఇప్పుడు ఆరాధన ముగిశాక సంఘమంతా ఎర్రటెండలో గ్రౌండు మూలకి చేరింది, కంపెనీ వాళ్లు నమూనాకని పరిచి వెళ్లిన ముక్క చుట్టూ, ప్రార్థన కాగానే కమిటీ సరేనని చేతులెత్తాలి, ఎత్తారంటే ఈ సెలవుల్లోనే గ్రౌండంతా తవ్వేస్తారు, పక్కన కూతురు సోఫియా చుడీదారు మోకాలికి అంటుకోకుండా రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని నిలబడింది, పోయిన వారం ఈ ముక్క మీదే ఖోఖో ఆడుతూ జారితే ఇస్త్రీపెట్టె తగిలినట్టు తోలు లేచిపోయింది, నాన్నకి మాత్రం బాత్రూంలో పడ్డానంది, సెప్పకమ్మా, పాపం ఎంత సంబరపడతన్నాడో, అంది, ఆయింటుమెంటు రాస్తుంటే పళ్లు బిగించి, దీనికైతే రాయడానికి తనుంది, కొండల మీంచి వచ్చి హాస్టల్లో ఉండే పిల్లలకి ఎవరు రాస్తారు, వాళ్లు ఆడేది వట్టి కాళ్లతో, అరికాళ్లకి కూడా రాయాల్సి వస్తుందేమో.

తను చెప్పి చూడలేదా, చూసింది, ఆ గడ్డి మధ్య పోసిన నల్ల రబ్బరు గుళికలు సోఫియా మేజోళ్లలోంచి మంచం కిందికీ, మంచం కింది నుంచి పప్పుడబ్బా పక్కకీ చేరితే ఎలకలు దూరాయనుకుని బోను కూడా పెట్టింది, బోనులో కొబ్బరిముక్క ఎండిపోయిందే గానీ ఎలక రాలేదు, సంగతి తెలిశాక ఆయన నవ్వి, అవి కాళ్లకి మెత్తగా ఉండడానికే, అన్నాడు, మధ్యాహ్నమయ్యేసరికి ఆ గడ్డి కాలిపోతుంటే హాస్టలు బోరింగు కొట్టి బకెట్లతో నీళ్లు పోశాడు, తాగడానికే చాలని నీళ్లు, హాస్టల్లో వంట చేసే సింహాద్రమ్మ బిందె పట్టుకుని నిలబడి, ఏటి మాస్టారూ, మొలకెత్తుతాదేటి, అంది, అందరూ నవ్వారు, ఆ నవ్వుతోనే పంతం పెరిగింది ఆయనకి, నవ్వితే బిగుసుకుపోయే రకం, వాదిస్తే మరీను, అందుకే లీల వాదించడం మానేసింది, నిన్న పాస్టరు అయ్యగారు ప్రార్థన తానే చేస్తానంటే మాత్రం ఎంతో వినయంగా, ఇంత గొప్ప పనికి క్రీస్తుదాసు గారిలాంటి పెద్దల నోటి వాక్కయితే బాగుంటుంది కదండీ, అంది.

క్రీస్తుదాసు గారి ప్రార్థన ఆదికాండం దగ్గర బయలుదేరిందంటే ఏజెన్సీ బస్సులాగ ప్రతి స్టాపులోనూ ఆగుతుంది, ముసలాయన కదా అని సీమచింత నీడలో, మట్టి మీద, కుర్చీ వేశారు, చెప్పులు విడవండి, అన్నారు ఆయన, ప్రార్థనంటే ఎవరైనా విడిచేదే, సాల్మన్‌రాజు బూట్లు విప్పి మేజోళ్లతో గడ్డి మధ్యకి నడుస్తుంటే, మేజోళ్లు కూడా చెప్పుల జాతేనయ్యా, అన్నారు, అవీ విప్పాడు, లీల తల వంచి ముసుగు ముందుకి లాక్కుంది, భక్తి అనుకుంటారు కాబోలు, ముసుగు సందులోంచి మొగుడి పాదాలు కనిపిస్తున్నాయి, తెల్లగా, ఎండ ఎరగని పాదాలు, పొద్దున లేస్తే బూట్లలోకి దూరిపోయేవి, ప్రార్థన జలప్రళయం దాటింది, కమిటీ వాళ్లు కళ్లు మూసుకునే ఒక్కొక్కరూ మట్టివైపు జరిగిపోయారు, ఈయన కుడికాలు ఎత్తాడు, దించాడు, ఎడమకాలు ఎత్తాడు, డ్రిల్లు పీరియడే, నవ్వు రావాలి నిజానికి, ఎందుకో రాలేదు, పెద్దాయన రోగుల పేర్లలోకి వచ్చారు, వాటికి అంతుండదు, ఈయన దవడ బిగిసింది, కదలడం మానేశాడు, ఓర్చుకుంటాడు, అవును, ఈ మనిషి ఓర్చేసుకుంటాడు, ఆమెన్ అనగానే బూట్లు తొడిగేసి ఏమీ జరగనట్టు చేతులెత్తమంటాడు, అప్పుడిక సోఫియా మోకాలూ అంతే, ఆ పిల్లల పాదాలూ అంతే, అనవసరంగా కాల్పించానే, అనుకుంది లీల, బేగి కానివ్వండి తాతగారూ, బేగి కానివ్వండి.

ఆమెన్.

సాల్మన్‌రాజు బూట్ల వైపు వెళ్లలేదు, గబగబా సీమచింత నీడలోని మట్టి మీదికి వచ్చి నిలబడ్డాడు, చల్లటి నేల దొరికినందుకు వేళ్లు రెండుసార్లు ముడుచుకుని విచ్చుకున్నాయి, పక్కనే నిలబడ్డ హాస్టలు పిల్లల పాదాల వైపు చూశాడు, అవన్నీ ఎప్పట్లాగే దుమ్ము కొట్టుకుని ఉన్నాయి, రోజూ చూసేవే, ఇవాళే చూసినట్టు చూశాడు, తర్వాత సోఫియా రెండు వేళ్లనీ, ఆ వేళ్లు పట్టుకున్న గుడ్డనీ చూసి, బాత్రూంలో పడలేదు కదమ్మా నువ్వు, అన్నాడు మెల్లగా, పిల్ల తల అడ్డంగా ఊపింది, లీలకి గుండెల మీంచి నిండు బిందె దించినట్టయింది, ఇన్నేళ్లూ మొండితనమనుకున్నది, ఈ మనిషికి నేల తగలకపోవడమేనన్నమాట, తగిలితే తెలుస్తుంది, తెలిస్తే ఆగడు, ఆగలేదు కూడా, చేతులెత్తడానికి సిద్ధంగా ఉన్న కమిటీ వైపు తిరిగి, అందరికీ వినపడేలా, ఆగండయ్యా, మన మట్టే ఉండనివ్వండి, ఇన్నాళ్లూ బూట్లేసుకుని ఆలోసించానండీ, తప్పు నాదే, అన్నాడు.