ఇల్లు నములుతున్న చప్పుడు

తడిగుడ్డ పెడితే మా ఇంట్లో నీళ్ళు గడప వైపు పోతాయి. ఆ రోజు వంటగది వైపు పోయాయి. తుడిచాను. మళ్ళీ అటే పోయాయి, ఎవరో పిలిచినట్టు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. మా ఆయన లింగస్వామి బస్సు డ్రైవర్. బకెట్ అందుకోమంటే "మేం సమ్మెల ఉన్నం" అని కాళ్ళు చాపుకున్నాడు. నాకు సమ్మె లేదు. వంట, ఇల్లు తుడవడం, ఆపైన ఉద్యోగం. ఉపగ్రహాల సిగ్నళ్ళతో భూమి పైపొర ఎటు జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో చూడటమే నా పని. మీర్‌పేట్‌లోని మా డాబా మీద కూడా మా ఆఫీసు యాంటెన్నా ఒకటి ఉంది. నగరమంతా గోరు పెరిగినంత నెమ్మదిగా ఈశాన్యానికి జరుగుతుంది. మా యాంటెన్నా మాత్రం కొన్నాళ్ళుగా కిందికి దిగుతోంది.

డాబా ఎక్కి చూస్తే, అత్తమ్మ దాని నెత్తిన స్టీలు తాంబాళం పెట్టి వడియాలు ఎండబెట్టింది.

"ఉత్తగనే ఉన్నది గదా బిడ్డా!"

సిగ్నల్‌కు అదే అడ్డమనుకుని, నవ్వుకుంటూ తీసేశాను. మర్నాడు ఇంకా దిగింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో బండ మీద బిగించిన మా ఆఫీసు ఇంకో యాంటెన్నా లెక్క చూశాను. అది దిగలేదు. అంటే కుంగుతున్నది భూమి కాదు. మా ఇల్లు.

పోయిన నెల ఇంటి కింది మడిగెకు, అదే దుకాణం గదికి, పెద్ద షట్టర్ పట్టాలని లింగస్వామి ఒక పిల్లర్‌ని సగం చెక్కించాడు. సరిగ్గా వంటగది కింద.

"ఇల్లు కుంగుతున్నది. బయటికి పోదాం పా."

"ఆకాశంల కెల్లి జూసి చెప్తున్నవా? భూమిని నువ్వు జూస్కో, ఇల్లు నేను జూస్కుంట. జర చాయ్ పెట్టు."

వంటగదిలో డబ్బా మూత తనంతట తానే దొర్లి గోడకు ఆగింది. నా కూతురు జ్యోతిక ఆ గోడకు చెవి ఆనించింది.

"అమ్మా, లోపల ఎవరో నములుతున్నరు."

నేనూ విన్నాను. ఆగి ఆగి, తీరిగ్గా.

నా మాటకు వీళ్ళు గడప దాటరు. ఉద్యమం పిలిస్తే దాటుతారు. స్టవ్వు, సిలిండర్, బియ్యం ఎదురుగా రోడ్డు మీద పెట్టి అరిచాను.

"ఇయ్యాల మన గల్లీల వంటావార్పు! రోడ్డు మీదనే వండుడు, తినుడు! ఇంట్ల పొయ్యి ముట్టియ్య!"

జ్యోతిక నా కొంగు పట్టుకుంది. లింగస్వామి జెండాతో ఉరికొచ్చాడు. వెనకే వడియాలతో అత్తమ్మ. గల్లీ అంతా చప్పట్లు.

అన్నం కుతకుతమంటుండగా, రోడ్డు దాకా వినిపిస్తున్న నమలడం ఆగింది. మా వంటగది మెల్లగా, అలసిపోయిన మనిషిలా, కిందికి కూర్చుంది.

దుమ్ములోంచి లింగస్వామి గొంతు వచ్చింది.

"ఇగ... వంట ఎక్కడ జేస్తవే?"

గరిటె అతని చేతిలో పెట్టాను.

"నేను గూడ సమ్మెల ఉన్న."