పన్నెండో ఆకు

ఇప్పచెట్టు కింద ఆకులన్నీ కాలి బూడిదై ఉన్నాయి; అమ్మ తిరిగి రావలసిన దారి ఆ ఆకుల్లోనే ఉంది.

పరుగెత్తుకొచ్చిన మధులత అక్కడే నిలబడిపోయింది. వెనకే వస్తున్న నాన్న చందర్ చేతిలోంచి సద్దిమూట జారి కిందపడింది. 

అమ్మ మాయమైంది మొన్న పొద్దున, సరిగ్గా ఇక్కడే. దుమ్ముగూడెం దాటి అడవిలోకి రెండు గంటలు నడిస్తే వచ్చే ఊరు వాళ్ళది. 2004 ఉగాది సెలవులకు మధులత హాస్టల్ నుంచి ఇంటికి వచ్చింది. ఇప్పపూలు రాలే కాలం. పూలు బాగా రాలే ముందు చెట్టు కింద ఎండుటాకులు కాల్చి నేల శుభ్రం చేస్తారు. నల్లటి నేల మీద పూలు ఏరడం తేలిక. వాళ్ళింట్లో అది ఏటా అమ్మ వనజ చేసే పని. మొన్న చీపురు పట్టుకుని చెట్టు కిందకి రెండడుగులు వేసిందో లేదో, ఆమె చుట్టూ గాలి నీళ్ళలా వణికింది. చీపురు నేల మీద పడింది. అమ్మ లేదు.

ఎండుటాకుల మధ్య పన్నెండు వింత ఆకులు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. చూడటానికి ఇప్పాకులే. ముట్టుకుంటే మాత్రం కుండలో నీళ్ళలా చల్లగా ఉన్నాయి. మధులత ఒకటి చేతిలోకి తీసుకోగానే దానిలోంచి అమ్మ గొంతు వినిపించింది.

బతికే ఉన్నానని చెప్పింది. చుట్టూ తెల్లటి ఇసుక తప్ప ఏమీ లేదనీ, ఒక బండ మీద బొమ్మలున్నాయనీ చెప్పింది. పన్నెండు ఆకులు, మూడు సూర్యుళ్ళు, తెరిచిన తలుపు. నాలుగో సూర్యుడి పక్కన విరిగిన ఆకులు. మధులతకు విషయం అర్థమైంది. ఎవరో ఆకాశం నుంచి దింపిన యంత్రమిది. బడిలో సారు చూపించిన సోలార్ లాంతరులాగే ఎండ తాగి పనిచేస్తుంది. పన్నెండు ఆకులూ మూడు మధ్యాహ్నాల ఎండ తాగితే, తిరిగి వచ్చే తలుపు ఒక్కసారి తెరుచుకుంటుంది. మళ్ళీ తెరుచుకోదు.

ఊళ్ళో తెలిస్తే జనం వచ్చి ఆకులు తొక్కేస్తారని నాన్న భయపడ్డాడు. తాత దూలయ్యకు కూడా చెప్పొద్దన్నాడు. తాతకు చెబితే సంతలో చాటినట్టే. అమ్మ కల్లూరులో పుట్టింటికి పోయిందని తాతతో చెప్పారు. ఆ సంగతి విని అమ్మ ఆకులోంచి నవ్వింది.

"నేను కల్లూరు పోక ఐదేండ్లాయె. మీ తాత నమ్మిండా?"

"నమ్మిండు. పాపం, గిప్పటికన్న పోయింది అన్నడు."

"గాయన నమ్ముతడు. మీ నాయిన వండిన కూర గూడ బాగుందంటడు."

రెండు రోజులూ తండ్రీకూతుళ్ళు తెల్లారింది మొదలు పొద్దుగూకే దాకా కాపలా కాశారు. చీకటి పడితే ఇప్పపూలకు ఎలుగుబంట్లు వస్తాయి కాబట్టి ఇంటికి పోయేవారు. అమ్మ గొంతు వినడానికి మధులత ఒక్క ఆకును తన దగ్గరే ఉంచుకుంది. పగలంతా దాన్ని ఎండలో పెట్టేది, సాయంత్రం కంపాస్ పెట్టెలో దాచేది. మూడో మధ్యాహ్నానికి ముందు దాని చోట దాన్ని పెట్టాలి.

ఈ రోజే మూడో రోజు.

ముందుగా తేరుకున్నది నాన్న. ఆయన బొగ్గుగనిలో పనిచేస్తాడు, పండక్కి సెలవు మీద వచ్చాడు. పైకప్పును కర్రతో తట్టి, మోతను బట్టి గట్టిదో గుల్లదో చెప్పగల మనిషి. ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని బూడిదను కర్రతో తడుతూ పోయాడు. మోత మారిన చోటల్లా వేళ్ళతో తవ్వాడు. పదకొండు దొరికాయి. పదకొండూ కరిగి ముద్దలయ్యాయి. మధులత ఒక్కొక్కదాన్నీ చెవికి ఆనించి అమ్మా అని పిలిచింది. ఒక్కటీ పలకలేదు.

ఎవరు కాల్చారు? బీడీ విసిరేశారా? మేకలు కాసే బిచ్యానా? అప్పుడు మధులత చూపు బూడిద అంచు మీద పడింది. నిప్పు పక్కకు పాకకుండా చుట్టూ కొమ్మతో ఊడ్చిన గీతలున్నాయి. ఇది ఇప్పపూలు ఏరేవాళ్ళ పని. ఆ ఊళ్ళో ఇంటికొక చెట్టు. ఒకరి చెట్టు కింద ఇంకొకరు నిప్పు పెట్టరు. ఆ ఆలోచన వచ్చాక ఆమె తల ఎత్తి నాన్న వైపు చూడలేకపోయింది.

పొద్దు నడినెత్తికి వస్తోంది. కంపాస్ పెట్టెలో మిగిలిన ఒక్క ఆకును మధులత దాని చోట పెట్టింది. గాలి వణికింది. తలుపు తెరుచుకుంది, అరచెయ్యంత.

అందులోంచి అమ్మ చెయ్యి వచ్చింది. ఆకుపచ్చ గాజులు, వేళ్ళ సందుల్లో తెల్లటి ఇసుక. మధులత రెండు చేతులతో పట్టుకుంది. నాన్న ఆ మణికట్టు పట్టి లాగాడు. భుజం దగ్గర ఆగిపోయింది. ఆయన ఇంకా లాగాడు. లోపల అమ్మ నొప్పితో మూలిగింది. ఆయన లాగడం ఆపాడు.

"మిగతా ఆకులేవి?" అని అమ్మ అడిగింది.

మధులత ఆ చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది. అమ్మకు తెలిసిపోయింది.

"వదులు మధూ," అంది మెల్లగా. "అంచులు కాలుతున్నయి. నీ చెయ్యి కాలుతది."

మధులత వదల్లేదు. అమ్మే వేళ్ళు విడిపించుకుని చెయ్యి లోపలికి తీసుకుంది. ఆకు చిట్లింది. ఆ తర్వాత అక్కడ బూడిద తప్ప ఏమీ లేదు. మధులత ఆకు ముక్కలను చెవికి పెట్టుకుని కూర్చుంది. పొద్దు వాలుతున్నా తియ్యలేదు.

మేకలను తోలుకుంటూ తాత వచ్చాడు. చంకలో ఖాళీ బుట్ట ఉంది. బూడిదలో కూర్చున్న మనవరాలినీ కొడుకునూ చూసి నవ్వబోయి ఆగాడు. ఏమైందని అడిగాడు. నాన్న తల ఎత్తకుండా మొదటి నుంచీ చెప్పాడు, కల్లూరు అబద్ధంతో సహా.  తాత బుట్ట కింద పెట్టి, మధులత ఎదురుగా బూడిదలో కూలబడ్డాడు.

"నేనే కాల్చిన బిడ్డా," అన్నాడు. "ఏటా కోడలే ఊడుస్తది, కాలుస్తది. నడుం నొప్పని ఎవ్వలకు చెప్పదు. నాకు తెల్వదా? పుట్టింటికాడికెల్లి వచ్చేటాల్లకు గీ ఒక్క పని తప్పిద్దామనుకున్న. కోడి కూసినంక వచ్చిన. అంచులు ఊడ్చిన. నిప్పు పెట్టిన. ఎండాకులు అంటుకున్నయి గని, కొన్ని అంటుకోలె. పచ్చియేమో అనుకున్న. అవి కాలేదాక గీడనే నిలబడి కట్టెతోటి తిరగేసిన. ఒక్కటి గూడ ఇడువలె."