రెండొందల వాట్లు

చీపురుపల్లిలో బట్టల కొట్టున్న రంగనాథానికి పాటలంటే ప్రాణం. కొట్టు పని కొడుకు చేతికి వచ్చాక, ఆయన ముందుగదిలో మంచి స్పీకర్లు పెట్టించుకుని మధ్యాహ్నాలన్నీ వింటూ గడిపేవాడు. ఈమధ్య ఆ పాటల్లో జీవం పోయినట్టు అనిపించసాగింది. వయొలిన్ మొద్దుబారింది. గాయని పలికే స, శలు చెరిగిపోతున్నాయి. ఆంప్లిఫయరుకు బలం చాలడం లేదని తేల్చుకుని, విజయనగరంలో ఆడియో షాపు నడిపే బావమరిది వినోద్‌ని పిలిపించాడు.

వినోద్ కూర్చుని విన్నాడు. అతనికి అన్నీ తేటగానే వినిపించాయి.

“వాట్లు పెంచితే గట్టిగా వస్తాది బావా, బాగా రాదు. ఈ గదికి ఉన్నదే ఎక్కువ.”

రంగనాథం ఒప్పుకోలేదు. ఇంకోచోట కొనుక్కుంటాననేసరికి, చేసేది లేక వినోద్ రెండొందల వాట్లది తెచ్చి బిగించాడు. ఆ హోరు భరించలేక రంగనాథం భార్య పరమేశ్వరి పెరట్లోకి పోయి కూర్చునేది.

ఓ మధ్యాహ్నం ఆమె పెరట్లో నాచు మీద జారి పడింది. తుంటి విరిగింది. కదలలేక భర్తను పిలిచింది. వాన మొదలైంది. ముందుగదిలో ఆయన వాల్యూమ్ ఇంకాస్త పెంచి, ఈసారైనా వయొలిన్ తేటగా వస్తుందేమోనని చెవి ఒగ్గి కూర్చున్నాడు. టీ ఇంకా రాలేదేమని సాయంత్రం లేచి వెళ్తే, ఆమె గచ్చు మీద తడిసి వణుకుతోంది.

విజయనగరంలో ఆపరేషన్ చేశారు. పాటల హోరులో వినబడలేదని, ఇక ఆ పెట్టె ముట్టనని ఆయన మంచం పక్కన ఏడ్చాడు. ఆమె దగ్గరికి వంగమని సైగ చేసింది.

“పాటకీ పాటకీ మద్దెన ఆగుతాది కదండీ. అప్పుడే గట్టిగా పిలిసినాను. అప్పుడూ మీరు రాలేదు. ఓసారి సెవులు సూపించుకోండి.”

ఆయన చూపించుకున్నాడు. సన్నని ధ్వనులు వినే శక్తి ఎప్పుడో పోయిందనీ, ఎన్ని వాట్లు పెట్టినా అది తిరిగి రాదనీ, పెద్ద హోరు మిగిలిన వినికిడిని కూడా పాడుచేస్తోందనీ డాక్టరు చెప్పాడు. చెవి మిషన్ రాసిచ్చాడు. అది వచ్చేలోగా పరమేశ్వరికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆమె ఆసుపత్రిలోనే పోయింది.

పెద్దకర్మ నాడు రంగనాథం మిషన్ పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గిన్నెల చప్పుడు, పిల్లల గోల సూదుల్లా గుచ్చుతున్నాయి. వంటింట్లో వినోద్ భార్య హేమ ఎవరితోనో గొంతు తగ్గించి అంటోంది.

“ఆయనకి సెవుడు వస్తన్నాదని వదిన ఎప్పుడో కనిపెట్టింది. ఆ మాటంటే సిన్నబోతాడని సెప్పలేదు.”

ప్రతి అక్షరమూ స్పష్టంగా వినిపించింది. కాసేపటికి హేమ వచ్చి భోజనానికి లేవమంది. ఆయన వినబడనట్టే కూర్చున్నాడు.