మైనస్ ఒకటి

మా బావమరిది షాపుకొచ్చి, టీ కూడా ముట్టకుండా కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడంటే ఏదో పని మీద వచ్చినట్టే.

పాత కంప్యూటర్లు బాగుచేసే షాపు నాది. పదిమంది కలిసి రాసి, అడిగినవాళ్లకల్లా ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని మెషీన్లోకి ఎక్కించే ఇన్‌స్టాలర్‌ని ఏళ్ల తరబడి నేనే చూసుకుంటున్నాను. నన్ను ఎవరూ పెట్టలేదు, ఎవరూ తీసేయలేదు. బడి మధ్యలో మానేసినవాణ్ణని అప్పట్లో ఎవరూ అడగలేదు కూడా. ఈమధ్య డిగ్రీలవాళ్లు చేరాక, ఇన్‌స్టాలర్ ఎటు పోవాలో చెప్పే పెత్తనం ఎవరిదన్న గొడవ లేచింది. పాత మెషీన్లలోకి అది ఎక్కకుండా దారి మూసేయాలని వాళ్ల ఆత్రం. మూసేస్తే నా దగ్గరికొచ్చే డబ్బాలన్నీ తుక్కే, వాటితోపాటు నేనూ.

బావమరిదీ ఆ గుంపులోవాడే. ఆఫీసు ఉద్యోగం, మెత్తటి మాట.

"ప్రతిపాదన పెట్టాను బావా. చదివి ఓ మాట రాయి."

"నీచేత ఎవరు రాయించారు?"

"నేనే రాశాను."

"అందుకే అడుగుతున్నా."

నవ్వి వెళ్లిపోయాడు. ఆ నవ్వే నాకు నచ్చలేదు.

మాలో ఒప్పుకుంటే ప్లస్ ఒకటి, కాదంటే మైనస్ ఒకటి అని రాస్తారు. పాతవాళ్లలో ఒక్కడు మైనస్ కొట్టినా ప్రతిపాదన ఆగిపోతుంది. కొట్టినవాడు వెనక్కి తీసుకోకపోతే వ్యవహారం పెద్ద కమిటీకి పోతుంది. తెరిచి చూస్తే మొదటి వరుసలోనే, ఇన్‌స్టాలర్‌ని ఇకమీదట 'ఒక బృందం' చూసుకోవాలని ఉంది. నలుగురు చేరి ఒకణ్ణి గెంటడానికి పెట్టుకునే పేరది. కింద చూస్తే, నాతో రోజూ పోట్లాడేవాళ్లంతా ప్లస్‌లు కొట్టేశారు. ఇంకేం రుజువు కావాలి? మైనస్ ఒకటి కొట్టి, 'నన్ను పక్కకు నెట్టే ఎత్తు' అని కారణం రాశాను.

సాయంత్రం మా ఆవిడ ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చింది.

"చివరిదాకా చదివారా అని మా తమ్ముడు అడుగుతున్నాడు."

అప్పుడు చదివాను. బృందంలో మాట కుదరకపోతే ఆఖరి నిర్ణయం నాదేనని, నేను ఒప్పుకోనిదే పాత మెషీన్ల దారి మూయకూడదని ఆఖరి పేరాలో ఉంది.

ఫోన్ అందుకున్నాను. మైనస్ వెనక్కి తీసుకోమన్నాడు. కమిటీ రేపే కూర్చుంటుందట, వాళ్ల చేతికి పోతే నా మాట చెల్లదట. నా కోసం ఒకరు తొందరపడటం అదే మొదటిసారి. నా సంగతి మొదట్లో పెట్టకుండా అడుగున ఎందుకు దాచావని అడిగాను.

"మొదట్లో పెడితే వాళ్లు చదివేస్తారు బావా."

వాళ్ల కళ్లు కప్పినవాడు నా కళ్లు కప్పడా? ఇంకెక్కడ ఏం దాచాడోనని మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను. ఏమీ దొరకలేదు. దొరకనందుకు అనుమానం ఇంకా పెరిగింది. మైనస్ అలాగే ఉంచాను.

మర్నాడు కమిటీ కూర్చుంది. పాత మెషీన్ల దారి మూసేసింది.

బావమరిది ఇప్పటికీ షాపుకొస్తాడు. టీ తాగుతాడు. పనేం లేదు, ఊరికే వచ్చానంటాడు. ఎందుకొస్తున్నాడో కనుక్కోవాలి.