బోల్టుకు బొట్టు

నువ్వులనూనెలో కలిపిన కుంకుమతో జగన్మోహన్ ఒక్కో బోల్టుకూ బొట్టు పెట్టాడు. ఆయుధపూజ నాడు పనిముట్టుకు దణ్ణం పెట్టాకే పని మొదలుపెట్టడం వాళ్లింటి ఆనవాయితీ. జర్మనీలోని బ్రెమెన్ వచ్చి ఎనిమిదేళ్లయినా మానలేదు. ఉపగ్రహం జోలికి పోయేంత మూర్ఖుడేం కాడు, దాని మీద వెంట్రుక పడినా ఒప్పుకోరు. ఇవి దాన్ని ఊపి పరీక్షించే షేకర్ బల్లకు బిగించే బోల్టులే కదా అనుకున్నాడు.

అతని ఉద్యోగమే ఉపగ్రహాలను చావబాదించడం. రాకెట్ పెట్టబోయే చిత్రహింసను ముందే నేల మీద పెట్టి చూస్తారు. నక్షత్రాల ఎక్స్‌రేలు పట్టే ఈ చిన్న ఉపగ్రహం తట్టుకుంటే అతనికి పర్మనెంటు. లేదంటే కాంట్రాక్టూ, దాంతోపాటు ఇక్కడ ఉండనిచ్చే బ్లూ కార్డూ గోవిందా.

బోల్టులు బిగించింది ఆదిలక్ష్మి, కిందటేడు కెమ్నిట్జ్‌లో చదువు ముగించి చేరిన ఇంజనీరు. రెంచి టక్కుమనగానే ఆపింది. చెప్పిన బలం దాటలేదు.

అందరూ పక్కగదిలో అద్దం వెనక నిలబడ్డారు. బల్ల మొదట గునిసింది, తర్వాత రంకె వేసింది. కాళ్లకింద నేల అదిరి పళ్లు కటకటలాడాయి. ఉన్నట్టుండి తుపాకీ పేలినంత మోత! తెగిన బోల్టు తల వచ్చి అద్దాన్ని పగలగొట్టింది. ఒక మూల ఊడిన ఉపగ్రహం పిచ్చెక్కిన ఆంబోతులా బల్లను కుమ్మింది. మిగతా బోల్టులూ పటపటా తెగాయి. మీట నొక్కి ఆపేలోపే అది నేలకూలి, కడుపు చీలి, లోపలి పలచని అద్దాలన్నీ గలగలా రాలాయి.

బాస్ ఫ్రావ్ కెల్లర్ తెగిన బోల్టు ఎత్తి చూసింది. "అతిగా బిగించావు!" అని ఆదిలక్ష్మి మీద విరుచుకుపడింది.

ఆదిలక్ష్మి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నేను ఎక్కువ బిగియ్యలే అన్నా, నువ్వు సూసినవ్ గద! వచ్చే వారమే నా వీసా అపాయింట్‌మెంటు..."

జగన్మోహన్ బోల్టు అందుకున్నాడు. మర చుట్ల మధ్య ఎర్రటి జిడ్డు. నూనె లోపలికి దిగింది. జారే బోల్టును అదే బలంతో తిప్పితే మరీ బిగుసుకుపోయి తెగుతుంది. నోరు మూసుకుంటే తను బతికిపోతాడు, ఈ పిల్ల కొట్టుకుపోతుంది. ఆ లెక్క వేసినందుకే తన మీద తనకు అసహ్యం వేసింది.

"నువ్వు సరిగ్గనే బిగించినవ్ చెల్లె. నూనె వెట్టింది నేను," అన్నాడు. అదే మాట జర్మన్‌లో కెల్లర్‌కూ చెప్పాడు.

ఆమె అతని చేతిలోంచి బోల్టు లాక్కుని గోడకేసి కొట్టింది. "ఎందుకు?"

"ఇవాళ మాకు పండగ," అన్నాడు. అంతకుమించి జర్మన్ దొరకలేదు.

మధ్యాహ్నానికల్లా తాళాలు అప్పజెప్పి ట్రామెక్కాడు. సాయంత్రం గాజుపెంకులు ఊడ్చి బయటికొచ్చిన ఆదిలక్ష్మి తలుపు దగ్గర ఆగిపోయింది. కొక్కేనికి అతను పనిలో వేసుకునే నీలం కోటు వేలాడుతోంది, దాని చేతులు మోచేతుల దగ్గర ఇంకా వంగే ఉన్నాయి.