మేజర్ సాబు కబ్జా

మేజర్ పాండురంగం ఫౌజు నుంచి రిటైరై వచ్చి ఎమ్మెల్యే ఎలా అయ్యాడని మన్సూరాబాద్‌లో ఎవరిని అడిగినా చెబుతారు: ఒక మీసంతో, ఒక గుట్ట కథతో. డెబ్బై ఒకటి యుద్ధంలో ఆయన పట్టిన గుట్ట అది. ఆ కథ చాయ్ హోటల్లో చెప్పాడు, పెళ్లి పందిట్లో చెప్పాడు, ఆఖరికి చావు పలకరింపుకు పోయిన ఇంట్లో కూడా చెప్పాడు మహానుభావుడు! ఓట్లకు వచ్చినప్పుడు రైతు ఇంటి ఆండాలమ్మ వాకిట్లోనూ మొదలుపెట్టాడు.

ఆమె విననే లేదు. "గుట్ట సంగతి నాకెందుకు సారూ? మా బొందలగడ్డ సంగతి చెప్పుండ్రి" అంది. ఆ ఊరి రైతులు తరతరాలుగా తమవాళ్లను పూడ్చుకునే జాగా అది. ఆమె పెనిమిటి ఎల్లయ్య కూడా అక్కడే ఉన్నాడు. దిల్‌సుఖ్‌నగర్ నిండిపోయి, పట్నం ఎల్బీనగర్ కూడా దాటి, జొన్నచేలల్లో హద్దురాళ్లు మొలుస్తున్న రోజులు. ఆ గడ్డ మీద కూడా ఎప్పుడు రాళ్లు పడతాయోనని ఆమెకు నిద్ర పట్టేది కాదు.

"ఫౌజీ మాటిస్తున్నమ్మా. గా జాగకు నేనే పహరా" అన్నాడు మేజరు, గుండె మీద చెయ్యేసుకుని.

ఆ ఒక్క మాటకు పొంగిపోయి వాడకట్టంతా తిరిగి ఆయనకు ఓట్లేయించింది. ఆయన గెలిచాక గడ్డ చుట్టూ ప్రహరీ గోడ లేస్తుంటే, "చూసిన్రా, మాట నిలబెట్టుకుండు" అని మురిసిపోయింది కూడా, పిచ్చి తల్లి!

పెత్రామాస వచ్చింది. పోయిన పెద్దలకు బువ్వ పెట్టే అమావాస్య. ఎల్లయ్యకు ప్రాణమైన బోటికూర వండి, గారెలు వేసి, విస్తరాకులో సర్దుకుని బొందలగడ్డకు పోయింది. చూస్తే ఏముంది? గేటు మీద "విజయ్ ఎన్‌క్లేవ్" అని బోర్డు, లోపల షామియానా, ప్లాట్లు కొనడానికి వచ్చిన జనం. అమావాస్య నాడు ఎవడైనా భూమి బేరం పెడతాడా? ఆదివారం కలిసొచ్చిందని పెట్టాడు మేజరు! సమాధులన్నీ చదును చేసి సున్నంతో గీతలు గీశారు. ఎల్లయ్య ఎక్కడున్నాడో ఆనవాలు కూడా దొరకలేదు.

మైకులో అదే గుట్ట కథ. ఇన్నేళ్లు ఫౌజు హిందీకి అలవాటుపడ్డ నోరు. "రాత్రికి రాత్రి కబ్జా చేసినం! ఒక్కసారి కబ్జా చేసినంక పాండురంగం ఇంచు జాగ ఇడువడు!"

ఫౌజులో కబ్జా అంటే శత్రువు చౌకీని పట్టుకోవడం. ఎల్బీనగర్‌లో కబ్జా అంటే ఏమిటో చంటిపిల్లను అడిగినా చెబుతుంది.

"ఆయనే ఒప్పేసుకుంటున్నాడండీ!" అన్నాడు గుంటూరు నుంచి వచ్చిన ఒకాయన. షామియానా అంతా ఘొల్లుమంది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక మేజరు మీసం దువ్వుకున్నాడు.

ఆండాలమ్మ నేరుగా వేదికెక్కింది. "ఏం సారూ, గుట్ట మీదున్నోళ్ల చేతుల్ల తుపాకులుండె. ఈడున్నోళ్ల చేతుల్ల ఏముండె?"

నవ్వులు ఆగిపోయాయి.

"అమ్మా, జర ఇంటికి పో. తర్వాత మాట్లాడుదాం" అన్నాడు మేజరు, మైకును అరచేత్తో మూసి.

"ఇంక మాటలేంది?" ఆమె విస్తరాకు విప్పి ఆయన ముందున్న బల్ల మీద, పూలదండ పక్కన పెట్టింది. "మా ఎల్లయ్య జాగల నువ్వుంటున్నవ్. ఆయన బువ్వ గూడ నువ్వే తిను."

చచ్చినవాళ్ల కూడు బతికున్నవాడి ముందు పడింది. తీసెయ్యమన్నట్టు మేజరు తన మనుషుల వంక చూశాడు. దాన్ని ముట్టుకోవడానికి ఒక్కడూ లేవలేదు.